మెయిలు బండి

బడి వరండాలో విరిగిన బెంచీలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కించి పెట్టారు. కాళ్ళు ఊగేవి కొన్ని, పలక చీలినవి కొన్ని, మేకులు పైకి లేచి పిల్లల బట్టలు పట్టుకునేవి కొన్ని. వడ్రంగి వాటి చుట్టూ తిరిగి ఒక్కొక్కదాన్నీ చేత్తో ఊపి చూశాడు. బావమరిది పనిముట్ల సంచి దించి గోడవారగా గోనెపట్టా పరిచాడు. ఒక పక్క వరసగా తరగతి గదులు. వరండా చివర పెద్ద మేడం గది, దానికి ఎదురుగా టీచర్ల గది. ఆ గోనెపట్టా మీద కూర్చుంటే బడంతా కళ్ళముందే ఉంటుంది.

కూతురు చదివే బడిలో పని దొరికినందుకు వడ్రంగికి లోపల సంతోషంగానే ఉంది. నిరుడు ఇదే వరండాలోకి ఎన్నిసార్లు తల వంచుకుని వచ్చాడో. పనిలో ఉండగా ఫోను మోగేది. మీ పిల్ల కూర్చోదు, పక్కవాళ్ళ పెన్సిళ్ళు లాగుతుంది, అడగకముందే జవాబు అరుస్తుంది, చెప్పింది సగం విని లేచిపోతుంది, వచ్చి మాట్లాడండి. ఆసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ దాన్ని చాలాసేపు ఆడించి, మాట్లాడించి, ఏడీహెచ్‌డీ అంది. పొగరు కాదు, పెంపకం లోపం కాదు, దాని బుర్ర నడిచే తీరే అంత అంది. ముందు వరసలో కూర్చోబెట్టమనండి, ఒకసారికి ఒకే పని చెప్పమనండి, పెద్ద పని అయితే ముక్కలు చేసి ఇమ్మనండి, మధ్యమధ్య లేచి తిరగనివ్వమనండి అంది. అతను ఆ మాటలన్నీ దారి పొడుగునా వల్లించుకుంటూ వచ్చి క్లాసు టీచరుకి అప్పజెప్పాడు. ఆ తరవాత ఫోన్లు ఆగిపోయాయి. పిల్ల దారిలో పడిందనుకున్నాడు.

గంట కొట్టిన కాసేపటికి ఐదో తరగతి గది తలుపులోంచి కూతురు దూసుకొచ్చింది. చేతిలో హాజరు పుస్తకం. తండ్రిని చూసి ముఖమంతా నవ్వు చేసుకుంది కానీ ఆగలేదు. పెద్ద మేడం గదిలోకి వెళ్ళింది, వచ్చింది, టీచర్ల గదిలోకి వెళ్ళింది, ఈసారి సుద్దముక్కల డబ్బాతో వచ్చింది. అక్కణ్ణించి ఎవరో "మెయిలూ, అలాగే మూడో క్లాసు వాళ్ళ కొలబద్ద కూడా తే" అన్నారు. మళ్ళీ పరుగు.

మెయిలు ఏమిటని బావమరిది అడిగాడు. మెయిలు బండి మావయ్యా, అందరూ అలాగే పిలుస్తారు, నా అంత తొందరగా ఎవరూ తేలేరు అని పిల్ల పరుగులోనే చెప్పింది.

"బావా, నీ కూతురితో మాట్లాడాలంటే ఇక టికెట్టు కొనుక్కోవాలి," అన్నాడు బావమరిది.

వడ్రంగి నవ్వాడు. చీలిన పలకను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. చెక్క పొరలు చుట్టలు చుట్టుకుంటూ ఒళ్ళో పడుతున్నాయి. ఎవరికీ అక్కర్లేదనుకున్న పిల్ల ఇంతమందికి కావలసినదైంది. దాని తల్లి ఉంటే ఈ వరండాలో ఓ మూల నిలబడి చూసి వెళ్ళేది.

ఎండ వరండాలోకి ఎక్కేసరికి ఆ నవ్వు పలచబడింది. పిల్ల నీళ్ళ కూజాతో వెళ్ళింది. తాళాల గుత్తితో వచ్చింది. ఖాళీ ఫ్లాస్కు పట్టుకుని గేటు దగ్గరి టీ బడ్డీ దాకా వెళ్ళి, టీ నింపించుకుని, రెండు చేతులా గుండెకి ఆనించుకుని తెచ్చింది. పళ్ళెంలో కప్పులు పెట్టుకుని, నాలుక బయటపెట్టి, ఒక్కో అడుగూ చూసుకుంటూ నడిచింది. తరవాత అవే కప్పులు కుళాయి దగ్గర కడిగింది. మధ్యలో తరగతి గదిలోకి వెళ్ళడం అతను చూశాడు. కానీ ఒక కాలికి మేకు దిగేలోపే మళ్ళీ బయట ఉండేది.

"దీనికి చదువెప్పుడు చెప్తారు?" అన్నాడు.

బావమరిది ఉప్పుకాగితం ఆపి, గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పిన మాట చెప్పాడు. ఇదివరకు అటెండరు ఉండేవాడట. మానేసి వెళ్ళిపోయాడు. ఆ ఉద్యోగంలో ఇంకొకర్ని వెయ్యలేదు.

వడ్రంగి చేతిలో మేకు వంకరపోయింది. పీకి పక్కన పడేశాడు.

సాయంత్రం ముగ్గురూ నడుచుకుంటూ ఇంటికి బయల్దేరారు. పిల్ల వాళ్ళకంటే ముందు ఉరికి, మళ్ళీ వెనక్కి వచ్చి, చెయ్యి పట్టుకుని వదిలేసి, కరెంటు స్తంభాలన్నిటినీ తాకి వస్తోంది. ఇవాళ ఏం పాఠం చెప్పారని అడిగాడు. తెలీదంది. నిన్న? అదీ తెలీదంది. లెక్కల్లో ఎక్కడిదాకా వచ్చారని అడిగాడు. పిల్ల ఆగి, కాసేపు ఆలోచించి, తనకి బాగా తెలిసినది చెప్పింది. పెద్ద మేడం టీలో పంచదార వెయ్యకూడదు, సైన్సు టీచరుకి సగం చెంచా, ఆటల సారుకి రెండు, లెక్కల మేడం చల్లారితే తాగదు కాబట్టి ఆవిడకి అందరికంటే ముందు ఇవ్వాలి. ఒక్కటి కూడా తప్పు పోదు నాన్నా అంది.

బావమరిది నవ్వబోయి బావ ముఖం చూసి మానుకున్నాడు.

మర్నాడు తరగతి గదుల్లో మిగిలిన బెంచీలు చూడమన్నారు. ఐదో తరగతిలోకి వడ్రంగి వెళ్ళేసరికి పిల్లలు లేచి గోల చేశారు. గదినిండా పిల్లలు. బెంచీకి ఇద్దరు పట్టే చోట ముగ్గురు కూర్చున్నారు. క్లాసు టీచరు చిన్న వయసుదే. గొంతు అప్పుడే బొంగురుపోయి ఉంది. కానివ్వండి అని పక్కకి జరిగి, బల్లమీద పుస్తకాల దొంతర సర్దుకుంటూ నిలబడింది.

అతను ముందు వరసనుంచి మొదలుపెట్టాడు. ప్రతి బెంచీనీ పట్టుకుని ఊపి, సీల వదులైతే సుద్దతో గీత పెట్టి ముందుకి జరిగాడు. కూతురు ముందు వరసలో ఎక్కడ కూర్చుంటుందో చూసుకుందామని ఉంది. అడిగాడు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక పిల్ల వెనక్కి చూపించింది.

వెనక గోడకి ఆనించి ఒక బెంచీ ఉంది. దానిమీద చుట్టలు చుట్టిన అట్టలు, పగిలిన గ్లోబు, చీపురు, ఎవరివో వదిలేసిన వానకోట్లు. వాటి కింద కూతురి సంచి. అతను అట్టలు తీసి కిందపెట్టాడు. పలక మీద దుమ్ము వేలితో పేరు రాసేంత మందాన ఉంది. కూర్చునే చోటా అంతే. ఆ దుమ్ములో మనిషి కూర్చున్న జాడ లేదు.

"అది మెయిలు బండిదండీ, ఎప్పుడూ ఖాళీయే," అని ఎవరో కుర్రాడు అన్నాడు. గది నవ్వింది.

వడ్రంగి ఆ బెంచీని ఊపి చూశాడు. ఎక్కడా ఊగలేదు. గదంతటిలో గట్టిగా ఉన్న బెంచీ అదొక్కటే.

టీచరు పిల్లలకి ఏదో రాసుకోమని చెప్పి వరండాలోకి నడిచింది. అతను వెనకే వెళ్ళాడు. ఆమె తనంతట తనే మొదలుపెట్టింది. డాక్టరు తిరగనివ్వమన్నారని మీరేగా చెప్పారు అంది. ఊరికే తిరిగితే మిగతా పిల్లలూ లేస్తారు, అందుకని చేతికో పని ఇచ్చాం, దాంతో పిల్ల శాంతించింది, క్లాసూ శాంతించింది. మొదట్లో పూటకి ఒకటే చెప్పేదాన్ని, తరవాత అందరూ పిలవడం మొదలుపెట్టారు, పెద్ద మేడమే పిలిస్తే కాదని ఎలా అంటాను అంది. ఒకే గదిలో ఇంతమందిని పెట్టుకుని ఒకే గొంతుతో ఎంతమందికని చెప్పను అని కూడా అంది. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతు నిజంగానే పట్టేసింది.

అతనికి జాలి వెయ్యలేదు. జాలిపడే ఓపిక అతనికి లేదు.

"డాక్టరమ్మ నాలుగు మాటలు చెప్పింది. మీరు మీకు పనికొచ్చేదొక్కటి ఏరుకున్నారు," అన్నాడు. "పొద్దున్నే దాని పేరు పిలిచి హాజరు వేస్తున్నారు కదా. ఎక్కడికి హాజరైంది టీచరుగారూ అది?"

ఆమె తలుపు రెక్క మీద పెచ్చులూడిన రంగుని గోటితో గీకుతూ నిలబడింది.

పెద్ద మేడం గదిలో మాత్రం జవాబులకి కొదవ లేదు. ఆమె కుర్చీ చూపించలేదు, అతనూ కూర్చోలేదు. పిల్ల సంతోషంగా ఉందా లేదా అని ఆమె అడిగింది. నిరుడు మీరే వచ్చి ఎలాగో ఒకలా చూడండి మేడం అని బతిమాలారు, చూస్తున్నాం, ఇంకో బడి అయితే ఈపాటికి పంపించేసేది అంది. అతను పై బడి సంగతి ఎత్తాడు. ఈ బడి ఐదుతో అయిపోతుంది. పై బడిలో చేరాలంటే కూర్చుని పరీక్ష రాయాలి. రాయలేని పిల్లని వాళ్ళు గేటు కూడా దాటనివ్వరు. ఆ పరీక్షకి ఇంక ఎంతో కాలం లేదు.

పెద్ద మేడం జాలిగా నవ్వింది. అందరూ పై చదువులు చదవాలని ఎక్కడుంది, మీ పిల్ల చేతిపనిలో చురుకు, ఇల్లు చక్కబెట్టుకుంటుంది, ఎవరింట్లో ఉన్నా మెచ్చుకుంటారు అంది. పరీక్ష రోజు ఇంట్లో ఉంచేస్తే దానికీ అవమానం ఉండదు, మాకూ ఎంతమంది పాసయ్యారన్న లెక్క చెడదు అంది.

వడ్రంగి ఆమె బల్ల అంచు మీద చెయ్యి పెట్టాడు.

"రేపట్నించి నా కూతురు మీ కప్పు ముట్టదు. క్లాసులో కూర్చుంటుంది. ముందు వరసలో."

"కూర్చుని అల్లరి చేస్తే?"

"చేస్తుంది. అందుకే కదా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఏం చెయ్యాలో ఆవిడ చెప్పింది. అది చెయ్యండి."

అల్లరి చేస్తే ఆ రోజే పిలిచి సంచి చేతికిస్తానని పెద్ద మేడం అంది. బెంచీల పని ఇంకా మిగిలి ఉందని కూడా గుర్తు చేసింది. అతను బయటికి వచ్చి ఆ పని దగ్గరే కూర్చున్నాడు.  ఉలి తీసుకుని కొత్త బెజ్జం తొలిచాడు.

ఇంటికెళ్ళాక కూతురు ముందు ఈ మాట చెప్తే ఎగిరి గంతేస్తుందనుకున్నాడు. అది అన్నం కంచం పక్కకి తోసింది.

"నేను వెళ్ళను ఆ గదిలోకి."

ఎందుకని అడిగాడు. అది కాళ్ళు ఆడించింది, చొక్కా అంచు నమిలింది, లేచి నిలబడి మళ్ళీ కూర్చుంది. చివరికి గోడకేసి చూస్తూ అంది.

"గదిలో నేను చెడ్డపిల్లని నాన్నా. వరండాలో మంచిపిల్లని."

ఆ మాట తరవాత ఇంట్లో ఎవరూ ఏమీ తినలేదు. గిన్నెలు సర్దుతూ బావమరిది మెల్లగా, పోనీ వదిలెయ్ బావా, ఎవరో ఒకరు దాన్ని మెచ్చుకుంటున్నారు కదా, అదీ లేకుండా చెయ్యడం ఎందుకు అన్నాడు. మా అక్క ఉంటే పిల్ల ఏడవకుండా ఉంటే చాలనేది అన్నాడు.

"మీ అక్క ఉంటే ఆ ఫ్లాస్కు పెద్ద మేడం బల్లమీదే పగిలేది," అన్నాడు వడ్రంగి.

తెల్లారి పిల్ల బడికి వచ్చింది. తండ్రి చెయ్యి పట్టుకోలేదు. వెనకాల ఎడంగా నడిచింది. అతను గంట కొట్టకముందే గదిలోకి వెళ్ళి, అట్టలూ వానకోట్లూ అలమర మీదికి ఎక్కించి, వెనక గోడ దగ్గరి బెంచీని తడిగుడ్డతో తుడిచాడు. బావమరిదీ అతనూ చెరో చివరా పట్టుకుని దాన్ని ముందు వరసలో, తలుపుకి దగ్గరగా వేశారు. అక్కడ ఉన్న బెంచీని వెనక్కి జరిపారు. అప్పుడే వచ్చిన క్లాసు టీచరు చూస్తూ నిలబడింది. అడ్డు చెప్పలేదు. అతను ఆమెకి దణ్ణం పెట్టలేదు.

పాఠం మొదలైంది. వడ్రంగి గోనెపట్టా మీద కూర్చుని బెజ్జంలో దిగేలా బెంచీ కాలికి కుసి చెక్కుతున్నాడు. కళ్ళు చెక్క మీద ఉన్నాయి, చెవులు తలుపు దగ్గర ఉన్నాయి. కాసేపటికి డబ్బా కింద పడిన చప్పుడు. నవ్వులు. టీచరు గొంతు. మళ్ళీ పాఠం. బెంచీ కిర్రుమంది. ఎవరో పిల్ల "టీచర్, చూడండి టీచర్" అంది. అడగని జవాబు ఒకటి కూతురి గొంతుతో గట్టిగా వినిపించింది. తప్పు జవాబు. ఈసారి గదంతా నవ్వింది. అతను ఉలి పక్కన పెట్టి అరచేతులు తొడలకేసి తుడుచుకున్నాడు.

తలుపు తోసుకుని కూతురు బయటికి వచ్చింది. ముఖం ఎర్రగా ఉంది. తండ్రి దగ్గరికి రాలేదు. తిన్నగా టీచర్ల గది గుమ్మం దగ్గరికి వెళ్ళి, ఊపిరి ఆడక, "పనేమైనా ఉందా మేడం?" అని అడిగింది.

లోపలున్నవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నట్టున్నారు. ఎవరో హాజరు పుస్తకాల కట్ట అందించారు. పిల్ల దాన్ని రెండు చేతులా వాటేసుకుంది. భుజాలు కిందికి దిగాయి. ఊపిరి నెమ్మదించింది. కప్పు ముట్టదని నిన్న తను పెద్ద మేడం బల్లమీద చెయ్యి వేసి ఎవరి గురించి చెప్పొచ్చాడో ఆ పిల్లే, వెళ్ళి పని అడుక్కుని తెచ్చుకుంది. వడ్రంగికి కళ్ళు మండాయి. లేచి నిలబడ్డాడు కానీ అడుగు వెయ్యలేకపోయాడు. ఆ కట్ట లాక్కుంటే దాని చేతిలో పెట్టడానికి తన దగ్గర ఏముంది?

అప్పుడు క్లాసు టీచరు వరండాలోకి వచ్చింది. పిల్లని అసలు పేరుతో పిలిచింది. వడ్రంగి ఆ గోనెపట్టా పరిచిన దగ్గర్నించి ఈ బడిలో ఎవరి నోటా ఆ పేరు వినలేదు. పిల్ల కూడా తనని కాదనుకుంది. టీచరు రెండోసారి పిలిచాక ఆగింది.

చూశారా, నేను చెప్పలేదా అంటుందని వడ్రంగి కాచుకున్నాడు. అంటే ఏమనాలో నోట్లో సిద్ధంగా ఉంచుకున్నాడు.

టీచరు అతనివైపు చూడలేదు. పిల్ల దగ్గరికి వెళ్ళి, వంగి, ఆ కట్టని దాని చేతుల్లోంచి తీసుకుంది.

"మూడు లెక్కలిచ్చాను. రెండు చేశావు. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు," అంది బొంగురు గొంతుతో. "ఇంకొకటి ఉంది. ముందు వరండా చివరిదాకా వెళ్ళి ఒక చుట్టు తిరిగి రా."

"ఏం తేవాలి?"

"ఏమీ తేవద్దు. ఖాళీ చేతులతో వెళ్ళి ఖాళీ చేతులతో రా."

పిల్ల అర్థం కానట్టు నిలబడింది. టీచరు కట్టని తనే పట్టుకుని టీచర్ల గదిలోకి వెళ్ళి బల్లమీద పడేసిన చప్పుడు వరండాలోకి వినిపించింది. లోపలివాళ్ళతో ఏమందో వినపడలేదు. బయటికి వచ్చేటప్పుడు ఆమె చెంపలు కందిపోయి ఉన్నాయి. వడ్రంగి ముందునుంచి పోతూ ఒక్క క్షణం ఆగింది. అతను ఏదైనా అంటాడని చూసింది. అతను కూర్చుని ఉలి అందుకున్నాడు. చెయ్యవలసిన పని ఇన్నాళ్ళ తరవాత చేసినందుకు మెప్పు అడిగితే ఇవ్వడం అతనికి చేతకాదు. ఆమె గదిలోకి వెళ్ళిపోయింది.

పిల్ల నడవడం మొదలుపెట్టింది. పరుగు కాదు, నడక. చేతులు ఏం చెయ్యాలో దానికి తెలియడం లేదు. ఊపింది, జేబులో పెట్టింది, తీసింది, గోడమీద వేళ్ళు రాసుకుంటూ పోయింది. పెద్ద మేడం గది ముందుకి వచ్చేసరికి తలుపులోంచి ఒక చెయ్యి బయటికి చాచుకుని ఉంది. చేతిలో ఫ్లాస్కు. రెండో చేత్తో ఫోను పట్టుకుని ఆమె ఎవరితోనో మాట్లాడుతోంది. అడుగుల చప్పుడు విని చెయ్యి చాచింది, ఎవరా అని తల తిప్పి చూడలేదు.

పిల్ల ఆగింది. దాని కుడిచెయ్యి దానంతటదే లేచింది. సగం దాకా వచ్చి ఆగింది. తరవాత రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడు ఊరికే తిరుగుతున్నా మేడం," అంది. "తిరిగి వెళ్ళి ఒక లెక్క చెయ్యాలి."

వరండా చివర గోడని తాకి వెనక్కి తిరిగింది. తండ్రి ముందునుంచి పోతూ అతని ముఖం చూడలేదు. కోపం ఇంకా తగ్గలేదు. గదిలోకి వెళ్ళింది. బెంచీ కిర్రుమంది.

ఫోను మాట ఆగిపోయింది. పెద్ద మేడం గుమ్మంలోకి వచ్చి వరండా అటూ ఇటూ చూసింది. టీచర్ల గది తలుపు దగ్గరగా వేసి ఉంది. ఫ్లాస్కు పట్టుకుని గేటువైపు నడిచింది. బెంచీల దగ్గరికి వచ్చేసరికి అడుగు నెమ్మదించి, గోనెపట్టా మీది ఇద్దరివైపూ చూసింది. ఏమీ అడగలేదు. ఫ్లాస్కు కాస్త ముందుకి వచ్చింది, అంతే.

బావమరిది అలవాటుగా ఉప్పుకాగితం కింద పడేసి, చేతులు దులుపుకుని లేవబోయాడు.

వడ్రంగి అతని మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు.

"కూర్చో," అన్నాడు.